గోడమీది పేరు

ఏ పురాతన దుర్గమునకు పోయి చూచినను, ఏ కొండగుహలోనికి పోయి చూచినను, రాతిపై గీకిన పేర్లు కానవచ్చును. పాఠశాలలలోని బల్లలు కూడ ఇందుకు సాక్ష్యము పలుకుచుండును. తాను ఈ లోకమున ఉన్నట్లు పదిమందికి తెలియవలెనను కోరిక మానవునకు సహజమైనది. కాని ఆ కోరిక తీర్చుకొనుటకై పరుల గోడలను పాడుచేయుట తప్పు. పెద్దలు దానిని మందలించుట న్యాయము. ఇట్టి తప్పుతో మొదలైన ఒక పని క్రమముగా విద్యగా మారినది. అది గురుశిష్యులను, గ్రంథములను, ప్రదర్శనశాలలను సంపాదించుకొన్నది. ఈ కథ ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున అమెరికా దేశమున జరిగినది. ఆ విద్యకు గ్రాఫిటీ అని పేరు. ఇటలీ భాషలో ఆ మాటకు గీకిన గీతలని అర్థము.

ఈ కథకు మూలమైన పనిముట్టు రంగు చిమ్ము డబ్బా. దీనిని 1949వ సంవత్సరమున ఇల్లినాయి రాష్ట్రమునందలి ఎడ్వర్డ్ సేమూర్ అను రంగుల వర్తకుడు రూపొందించెను. రంగును, వాయువును ఒకే డబ్బాలో బంధించి, మీటను నొక్కగానే రంగు తుంపరలుగా వెలువడునట్లు ఆయన చేసెను. యంత్రములకును, ఇంటి సామానునకును రంగు వేయుటకై పుట్టిన ఈ డబ్బా ఇరువది సంవత్సరములు గడవకముందే నగరములలోని బీదపిల్లల చేతికి చిక్కినది. కుంచె అక్కరలేదు, గిన్నె అక్కరలేదు, అంగీజేబులో ఇమిడిపోవును. చీకటిలో క్షణమాత్రమున పని ముగించి పారిపోవచ్చును.

ఫిలడెల్ఫియా నగరమున డారిల్ మెక్‌క్రే అను బాలుడుండెను. అతడు బాలుర సంస్కరణశాలలో నున్న కాలమున, తనకు మొక్కజొన్న రొట్టె చేసిపెట్టుమని వంటవానిని నిత్యము విసిగించెడివాడు. అందువలన అతనికి ఆ రొట్టె పేరే, ‘కార్న్‌బ్రెడ్’ అని, స్థిరపడెను. 1960-70 సంవత్సరముల మధ్య అతడు విడుదలయై వచ్చి, ఆ పేరును నగరమంతట గోడలపై వ్రాసెను. తరువాత న్యూయార్కు నగరమున గ్రీకు కుటుంబమునకు చెందిన మరియొక యువకుడు ‘టాకీ 183’ అని వ్రాయ మొదలిడెను. టాకీ అతని ముద్దుపేరు; 183 అతడు నివసించు వీధి సంఖ్య. ఉత్తరములను, పొట్లములను చేరవేయు ఉద్యోగము అతనిది. కావున నగరమున ఏ మూలకు పోయినను అచ్చట తన పేరు వ్రాసి వచ్చెడివాడు. 1971 జూలై 21వ తేదీన న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఇతనిని గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. అది చదివి ఎందరో బాలురు డబ్బాలు చేతబట్టిరి. గోడలు చాలక, నేలక్రింద నడచు రైలుపెట్టెలపై వ్రాయసాగిరి. గోడ కదలదు, రైలు నగరమంతయు తిరుగును. పేరును దానితోపాటు తిరుగును.

అందరును వ్రాయుచున్నప్పుడు ఒకని పేరు ప్రత్యేకముగా కంటబడుట ఎట్లు? ఈ చిక్కు ప్రశ్నయే ఆ పనిని విద్యగా మార్చినది. కొందరు అక్షరములను పెద్దవిగా చేసిరి. ‘ఫేజ్ 2’ అను మారుపేరు గల కళాకారుడు 1972వ సంవత్సర ప్రాంతమున బూరలవలె ఉబ్బిన అక్షరములను కల్పించెను. మరికొందరు అక్షరముల కొనలకు బాణములు తొడిగి, తీగలవలె ఒకదానితో నొకటి పెనవేసిరి. డబ్బాను గోడకు దగ్గరగా పట్టినచో గీత సన్నముగా వచ్చును. దూరముగా పట్టినచో పొగమంచువలె పరచుకొనును. చేయి ఒకచోట ఆగినచో రంగు కారిపోవును. ఇతర డబ్బాల మూతులను తెచ్చి తగిలించినచో గీత వెడల్పగును. మొదట లేతరంగుతో ఆకారమును గీచి, పిదప లోపల రంగులు నింపి, చిట్టచివర ముదురురంగుతో అంచు దిద్దవలెను. ఇవన్నియు ఎవరో కనిపెట్టి, మరియొకరికి నేర్పిన మెలకువలే.

ఈ విద్యకు బడి లేదు. కాని గురువులు లేకపోలేదు. ప్రతి బాలునికడను నల్లని అట్టల పుస్తకమొకటి ఉండెడిది. రైలుపెట్టెమీద వేయబోవు పేరును ముందుగా అందులో పలుమార్లు వ్రాసి సరిదిద్దుకొనెడివాడు. తనకంటె నేర్పరియైనవాడు కనబడినచో ఆ పుస్తకమును చేతికిచ్చి, ఒక పుటలో వ్రాయుమని వేడుకొనెడివాడు. బ్రాంక్సు ప్రాంతమున 149వ వీధి రైలుస్టేషనులో ఒక బల్ల ఉండెను. సాయంకాలములందు నలుమూలల బాలురు ఆ బల్లపై చేరి, వచ్చిపోవు రైళ్లను చూచుచు, బాగోగులను విమర్శించుచు, పుస్తకములను మార్చుకొనుచుండిరి. వారిలో కొత్తవానిని ‘ఆటబొమ్మ’ అని పరిహసించిరి. ఆరితేరినవానిని ‘రాజు’ అని పిలిచిరి. రాజు ఆకారము గీయగా శిష్యుడు లోపల రంగు నింపెడివాడు. పరుల అక్షరపు తీరును దొంగిలించి తనదని చెప్పుకొనుట వారిలో పెద్ద అపకీర్తి.

మన పల్లెలలో నెలపట్టినది మొదలుకొని బాలికలు ముగ్గుల పుస్తకములను ఇట్లే ఒండొరులకు ఇచ్చిపుచ్చుకొందురు. చుక్కల లెక్కను తల్లి కూతునకును, అక్క చెల్లెలికిని నేర్పుదురు. వేకువను వేసిన ముగ్గు సాయంకాలమునకు చెరిగిపోవును. పుస్తకములోని ముగ్గు మరుసటి సంవత్సరమునకు నిలుచును. ఈ పోలికతోపాటు ఒక భేదము కూడ కలదు. బాలిక ముగ్గు వేయునది తన వాకిట. న్యూయార్కు బాలుడు వ్రాసినది పరుల గోడమీద.

ఆ భేదము చిన్నది కాదు. రైలు కిటికీలపై రంగు కప్పుటచే ప్రయాణికులు స్టేషను పేరును చూడలేకపోయిరి. పెట్టెల లోపల గోడలన్నియు గజిబిజి గీతలతో నిండెను. తమ నగరము తమ చేయి దాటిపోయినదని పౌరులు భయపడిరి. కడిగించుటకు పన్నుల సొమ్ము వ్యయమయ్యెను. రాత్రివేళ రైళ్లు నిలుపు స్థలములలోనికి చొరబడిన బాలురకు విద్యుత్తు ప్రవహించు పట్టాలవలనను, కదలు రైళ్లవలనను ప్రాణాపాయము పొంచియుండెను. 1972వ సంవత్సరమున నగరాధ్యక్షుడైన జాన్ లిండ్సే దీనిని అణచుటకు ఒక శాసనమును ఆమోదించెను. పట్టుబడినవారికి శిక్షలు పడెను. అయినను వ్రాత ఆగలేదు. పేరు తప్ప మరేమియు లేనివాడు ఆ పేరును సులభముగా విడిచిపెట్టునా?

ఈ సంగతిని గుర్తించినవారిలో హ్యూగో మార్టినెజ్ ఒకడు. ఆయన న్యూయార్కు సిటీ కళాశాలలో సమాజశాస్త్రమును చదువుచున్న విద్యార్థి. ఈ బాలురలో పెక్కుమంది పోర్టోరికో దేశీయుల, నల్లజాతివారి కుటుంబములకు చెందినవారు. వారికి కాన్వాసుగుడ్డలును, తగిన చోటును ఇచ్చినచో వారి నేర్పు వెలుగులోనికి వచ్చునని ఆయన తలచెను. 1972వ సంవత్సరమున వారిలో కొందరిని కూర్చి ‘యునైటెడ్ గ్రాఫిటీ ఆర్టిస్ట్స్’ అను సంఘమును స్థాపించెను. 1973వ సంవత్సరమున రేజర్ గ్యాలరీ అను ప్రదర్శనశాలలో వారి చిత్రములు ప్రదర్శింపబడెను. ఆ సంవత్సరముననే ట్వైలా థార్ప్ అను నాట్యాచార్యురాలు ‘డ్యూస్ కూప్’ అను నృత్యమును కూర్చెను. ముందు నర్తకులు నాట్యమాడుచుండగా, వెనుక ఈ యువకులు నిలువెత్తు తెరపై రంగులు చిమ్ముచు వ్రాసిరి. చీకటిలో దాగి వ్రాసిన చేతులు దీపకాంతిలో, ప్రేక్షకుల యెదుట వ్రాసెను. మరుసటి సంవత్సరము జాక్ పెల్సింగర్ అనునతడు ‘నేషన్ ఆఫ్ గ్రాఫిటీ ఆర్టిస్ట్స్’ అను మరియొక సంఘమును నెలకొల్పి, పేరున్నవాడు, లేనివాడు అను భేదము లేక వచ్చిన బాలురకెల్ల పనిచేయుటకు చోటు కల్పించెను.

పిదప ఈ కళ సముద్రములు దాటెను. 1979వ సంవత్సరమున లీ కినోనెస్, ఫ్యాబ్ 5 ఫ్రెడ్డీ అనువారి చిత్రములు ఇటలీదేశపు రోము నగరమునందలి ఒక ప్రదర్శనశాలలో కొలువుతీరెను. 1983వ సంవత్సరమున హాలెండునందలి రాటర్‌డామ్ నగరపు వస్తుప్రదర్శనశాల గ్రాఫిటీ చిత్రములను ప్రదర్శించెను. ఆ సంవత్సరాంతముననే న్యూయార్కులో ప్రసిద్ధిగల సిడ్నీ జానిస్ గ్యాలరీ కూడ ఆ పని చేసెను.

అప్పుడు వారిలో వారికే వాదము పుట్టెను. రైలుమీది బొమ్మ పేద, ధనిక భేదము లేక అందరిదని, కాన్వాసుమీది బొమ్మ కొన్నవాని గదిలో బందీయగునని కొందరనిరి. కాన్వాసుముందు నిలిచినవాడు పోలీసులకు వెరవనక్కరలేదని, తప్పు దొర్లినచో దిద్దుకొనుటకు వ్యవధి యుండునని, శ్రమకు ప్రతిఫలము లభించునని మరికొందరనిరి. ఇరువురి మాటలలోను సత్యము కలదు. ప్రదర్శనశాలల మోజు కొన్నియేండ్లకే సన్నగిల్లెను. దానినే నమ్ముకొన్నవారిలో పలువురు నిరాశ చెందిరి. నిజమైన నేర్పు గలవారు మాత్రము పని మానక కొనసాగించిరి.

ప్రదర్శనశాల చేయలేని పనిని గ్రంథము చేసెను. మార్తా కూపర్ అను ఛాయాచిత్రకారిణి ఒక వార్తాపత్రికలో పనిచేయుచు, వీధులలో ఆడుకొను పిల్లల చిత్రములు తీయుచుండెను. ఒకనాడు ఒక బాలుడు తన పుస్తకమును తెరచి, అందు తాను సాధన చేయుచున్న పేరును చూపించెను. అంతవరకు ఆమెకు పిచ్చిగీతలుగా తోచినవి వాస్తవమునకు అక్షరములని అప్పుడు తెలిసెను. ఆ బాలుడే ఆమెను ‘డోండీ’ అను ప్రసిద్ధ కళాకారునికడకు తీసికొనిపోయెను. అదే కాలమున హెన్రీ చాల్ఫాంట్ అను శిల్పి ఎదురుగానున్న ప్లాట్‌ఫారముపై నిలిచి, రైలు కదలకముందే పెట్టెను తునుకలు తునుకలుగా ఫొటోలు తీసి, వాటిని అతికి, పూర్తి చిత్రముగా రూపొందించుచుండెను. ఒకరు వ్రాయుచున్న మనిషిని చూచిరి. ఒకరు వ్రాసిన పనిని చూచిరి. ఇరువురును కలసి ఒక గ్రంథము సిద్ధపరచిరి. అమెరికాలోని ప్రచురణకర్తలు దానిని నిరాకరించిరి. తుదకు 1984వ సంవత్సరమున లండనులోని ఒక సంస్థ దానిని ‘సబ్‌వే ఆర్ట్’ అను పేర ప్రకటించెను.

ఆ పుస్తకము ఐరోపా దేశములలోని యువకులకు గురువయ్యెను. న్యూయార్కును కలలోనైన చూడనివారు దాని పుటలను ముందుంచుకొని అక్షరముల వంపులను నేర్చుకొనిరి. 149వ వీధి బల్లమీద ఒకరినుండి ఒకరికి అందిన విద్య ఈ విధముగా దేశదేశములకు అందెను.

ఇంతలో ఆ రైళ్లు ఏమయ్యెను? న్యూయార్కు రైల్వేవారు బొమ్మలున్న పెట్టెలను కడుగక నడుపరాదని నిశ్చయించుకొని, పట్టుదలతో ఒక్కొక్క రైలునే శుభ్రపరచిరి. 1989 మే 12వ తేదీన, రంగువ్రాతలున్న కడపటి రైలును తొలగించితిమని ప్రకటించిరి. రైళ్లమీది చిత్రములలో నేడొక్కటియు లేదు. మిగిలినవి ఆ ఫొటోలును, ఆ నల్లని అట్టల పుస్తకములును మాత్రమే.

ఆ పుస్తకముల విలువను ముందే గుర్తించినవాడు మార్టిన్ వాంగ్ అను చిత్రకారుడు. ఆయన రంగులమ్ము ఒక దుకాణములో పనిచేసెడివాడు. ఆ కాలమున గ్రాఫిటీ కళాకారులతో ఆయనకు చెలిమి కలిగెను. వారి కాన్వాసులను, పుస్తకములను తన సొంత సొమ్ముతో కొని పదిలపరచెను. 1994వ సంవత్సరమున, తాను సేకరించిన మూడువందలకు పైబడిన వస్తువులను న్యూయార్కు నగర వస్తుప్రదర్శనశాలకు ఉచితముగా నిచ్చెను. ఆయన 1999వ సంవత్సరమున మరణించెను. 2014వ సంవత్సరమున ఆ వస్తుప్రదర్శనశాల వాటితో గొప్ప ప్రదర్శన గావించెను. ఒకనాడు బాలురు పుస్తకసంచిలో దాచుకొని తిరిగిన పుటలను, నగరవాసులు అద్దాల పెట్టెలలో చూచి ఆనందించిరి.

గ్రాఫిటీ పుట్టిన ఫిలడెల్ఫియాలో కథ వేరొకదారి పట్టెను. 1984వ సంవత్సరమున నగరాధ్యక్షుడైన విల్సన్ గూడ్ గోడవ్రాతలను మాన్పుటకు ఒక సంస్థను స్థాపించెను. ఇకమీదట పరుల గోడలపై వ్రాయమని ప్రతిజ్ఞచేసి సంతకము పెట్టినవారికి శిక్ష తప్పించి, గోడలు శుభ్రపరచు పని నిచ్చెను. వారికి చిత్రలేఖనము నేర్పుటకు జేన్ గోల్డెన్ అను చిత్రకారిణి నియమింపబడెను. గోడలు కడుగవలసిన ఆ యువకులలో రంగుల పొందిక తెలిసినవారు, పెద్ద గోడను చూచి జంకనివారు ఉన్నట్లు ఆమె కనుగొనెను. యజమానుల అనుమతితో, ఇరుగుపొరుగువారితో సంప్రదించి, వారిచేత పెద్ద పెద్ద కుడ్యచిత్రములు వేయించెను. ఆ ప్రయత్నము 1990-2000 సంవత్సరముల మధ్య ‘మ్యూరల్ ఆర్ట్స్’ అను ప్రత్యేక కార్యక్రమముగా రూపొందెను. ఆ నగరమున ఇంతవరకు వేలకొలది కుడ్యచిత్రములు వెలసెను. పాఠశాల విద్యార్థులకును, కారాగారములలో నున్నవారికిని అది తరగతులు నడుపుచున్నది. తొలినాడు గోడలపై పేరు వ్రాసిన కార్న్‌బ్రెడ్ కూడ అనంతరకాలమున బాలురకు హితము చెప్పువాడయ్యెను.

గురుస్థానము నందుకొన్నవారిలో స్త్రీలును కలరు. ‘లేడీ పింక్’ అను పేర ప్రసిద్ధురాలైన కళాకారిణి 1964వ సంవత్సరమున ఈక్వడారు దేశమున జన్మించి, న్యూయార్కులో పెరిగెను. పదునైదేండ్ల ప్రాయమున, 1979వ సంవత్సరమున, ఆమె రైళ్లపై వ్రాయ నారంభించెను. అది బాలికలకు తగిన పని కాదని తోటివారు ఎగతాళి చేసిరి. తన నేర్పుతోనే ఆమె వారికి బదులు చెప్పెను. ఆమె చిత్రములు ప్రఖ్యాతమైన వస్తుప్రదర్శనశాలలలో చోటు సంపాదించెను. అటుపిమ్మట ఆమె ఉన్నత పాఠశాల విద్యార్థులకు కుడ్యచిత్రములు వేయుట నేర్పెను. తనవలె చీకటిలో వెదకుకొనకుండ, వారు పగటివెలుగులో నేర్చుకొనగలిగిరి.

అనుమతితో వేసిన బొమ్మకు సయితము ఆపద రావచ్చును. న్యూయార్కులోని క్వీన్స్ ప్రాంతమున ఒక పాత కర్మాగారపు గోడలపై చిత్రములు వేయుటకు యజమాని అనుమతించెను. ‘మెరెస్ వన్’ అను కళాకారుడు 2002వ సంవత్సరము మొదలుకొని ఆ చోటును కనిపెట్టుచుండెను. ‘5 పాయింట్జ్’ అని పేరుపొందిన ఆ గోడలను చూచుటకు దేశదేశములనుండి కళాకారులు వచ్చిరి. ఉపాధ్యాయులు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిరి. ఆ స్థలమున పెద్ద భవనములు కట్టదలచిన యజమాని 2013 నవంబరులో ఒక రాత్రి, కళాకారులకు తెలియపరచకయే, గోడలన్నింటికి తెల్లరంగు పూయించెను. కళాకారులు న్యాయస్థానమునకు పోయిరి. చిత్రకారుల హక్కులను గూర్చి 1990వ సంవత్సరమున చేసిన చట్టము ఆ దేశమున కలదు. దాని ననుసరించి, 21 మంది కళాకారులకు 67 లక్షల 50 వేల డాలర్ల పరిహారము చెల్లింపవలెనని 2018వ సంవత్సరమున న్యాయాధిపతి తీర్పు చెప్పెను. 2020వ సంవత్సరమున పై న్యాయస్థానము దానిని స్థిరపరచెను. అనుమతి లేక వ్రాసినందుకు ఒకనాడు శిక్షించిన చట్టమే, అనుమతితో వ్రాసినందున వారిని కాపాడెను.

ఈ గాలి మన దేశమునకును వీచినది. 2016వ సంవత్సరమున హైదరాబాదులో, హుస్సేనుసాగరము చెంతనున్న మక్తా అను పేటలో, చిత్రకారులు ఇండ్ల గోడలపై రంగురంగుల కుడ్యచిత్రములు వేసిరి. ఇరుకు సందులలో నివసించు పిల్లలు తమ యింటి గోడయే చిత్రపటముగా మారుటను కన్నులార చూచిరి.

గోడమీది రంగు శాశ్వతము కాదు. ఎండకు వెలిసిపోవును, వానకు రాలిపోవును, ఒక్క రాత్రిలో సున్నము క్రింద మరుగుపడును. తన పేరు నిలువవలెనని పరుల గోడనాశ్రయించిన బాలుని పేరు ఆ గోడమీద నిలువలేదు. అతడు ఎవరి పుస్తకములో వ్రాసి యిచ్చెనో, ఎవరి చేయి పట్టి గీత దిద్దించెనో, వారియందు నిలిచినది. ముగ్గు వేయు బాలికకు ఈ సంగతి తెలియును. అందుచేతనే చెరిగిన ముగ్గును గూర్చి చింతింపక, ప్రక్కనున్న చెల్లెలి చేతికి పిండి నందించును.

ప్రశ్నలు

1. గోడలపై పేర్లు వ్రాయుట విద్యగా ఎట్లు మారినది?
2. కాన్వాసుపై వేయు చిత్రములను గూర్చి కళాకారులలో కలిగిన వాదమేమి? మీ అభిప్రాయము వ్రాయుడు.
3. మార్తా కూపర్‌నకు ఒక బాలుడు నేర్పిన సంగతి యేది?
4. ముగ్గుల పుస్తకమునకును, నల్లని అట్టల పుస్తకమునకును గల పోలికను, భేదమును తెల్పుడు.